కుట్టు వెంటే కత్తెర

కొత్త కోటుని ముక్కలుగా కోసి చెత్తడబ్బాలో పడేయడం ఒక ఉద్యోగమని చెబితే మా అమ్మ మొదట నమ్మలేదు.

“కొత్తదా?” అంది.

“కొత్తదే. ఒక గుండీ ఊడింది.”

“గుండీ కుట్టుకోలేరా?”

ఆ ఉద్యోగం చేస్తున్నది మా మేనత్త. ఈ ఊళ్ళో సగం మందికి గుండీలు కుట్టిన మనిషి.

మేమిద్దరం పనిచేసేది ఊరి చివర వెలిసిన పెద్దకొట్టులో. దానికి వేరే పేరుంది, ఎర్రదీపాలతో రాసి ఉంటుంది కానీ, అందరూ పెద్దకొట్టు అనే అంటారు. ముందువైపు అద్దాలు, చల్లగాలి, పాటలు. మా గది వెనకాల, లారీలు సరుకు దించే చోటు పక్కన. కిటికీ లేదు. కొన్నది నచ్చకపోతే జనం తిరిగి ఇచ్చేయవచ్చు. ‘ఎందుకని అడగం’ అని కొట్టు గోడ మీద మనిషెత్తు అక్షరాలు. అలా తిరిగొచ్చినవన్నీ తోపుడు బండిలో మా గదికి వస్తాయి. బాగున్నవాటిని నేను మడతపెట్టి ముందుకు పంపాలి. లోపం ఉన్నవాటికి మెడ దగ్గరి చీటీ మీద నల్లసిరాతో అడ్డగీత గీసి అత్త వైపు నెట్టాలి. అత్త వాటిని కోయాలి.

చంకల్లో చెమట ఆరకముందే తెచ్చి ఇచ్చేవాళ్ళుంటారు. విందుకి వేసుకుపోయి, కాలరు మీద పౌడరుతో, మోచేతి దగ్గర నూనె మరకతో మర్నాడే తిరిగిచ్చేస్తారు. ఒకసారి ఒక జేబులో చెయ్యి పెడితే ఎవరో నమిలి చుట్టిపెట్టిన బబుల్‌గమ్ము వేళ్ళకి అంటుకుంది. పసిపిల్ల గౌను ఒకటి కక్కు వాసనతో వచ్చింది. ఎందుకని అడగం కదా. ఈ వాసనలన్నిటి కింద కొత్త సరుకు వాసన ఒకటి ఉంటుంది. రబ్బరు, రంగునీళ్ళు, మూతపెట్టిన డబ్బాలో మగ్గిన గాలి. అది నా జుట్టులోంచి పోదు. ముద్ద నోటి దగ్గరికి తెచ్చుకుంటే వేళ్ళలోంచి అదే.

అత్తకి ఊరి పాత వీధిలో కుట్టుకొట్టు ఉండేది. ఒకటే గది, వెలుతురు కోసం మిషను గుమ్మం దగ్గరే. మనిషి పీలగా ఉంటుంది కానీ నోరు మాత్రం ఊరికి సరిపోతుంది. కొలతలు తీసుకుంటూ, “ఏమ్మా, కాస్త లూజు పెట్టనా, తిండి తగ్గిస్తావా?” అనేది. వాళ్ళు నవ్వుతూ తిట్టుకుంటూ మళ్ళీ అత్త దగ్గరికే వచ్చేవాళ్ళు. పక్కన మెట్ల కింద చెప్పులు కుట్టే ఆయన కూర్చునేవాడు. అత్త ఆయన్ని అన్నయ్యా అనేది, నేను చెప్పుల బాబాయి అంటాను. అత్త కత్తెరకి సానపట్టేది బాబాయి, బాబాయి చొక్కాలకి అతుకులు వేసేది అత్త. ఇద్దరి మధ్యా కూలి మాట ఎప్పుడూ రాలేదు.

పెద్దకొట్టు తెరిచిన రోజు బెల్లం మీద ఈగల్లా ఊరంతా ఎగబడింది. మా అమ్మ కూడా వెళ్ళింది. సంచులు తెచ్చి మంచం మీద బోర్లించి, “చూడు, కుట్టుకూలికే చొక్కా వచ్చేసింది!” అంది మురిసిపోతూ. అత్త అక్కడే ఉన్న సంగతి తర్వాత చూసుకుంది.

అత్త ఆ చొక్కా తిరగేసి చంక దగ్గర వేలితో లాగింది. దారం జర్రుమని ఊడి వచ్చింది. “కూలికి చొక్కా వచ్చింది సరే వదినా, చొక్కాకి కుట్టు వచ్చిందా?” అంది.

ఇద్దరూ నవ్వారు. అప్పుడు నవ్వులాటే.

కొన్నాళ్ళు అక్కడ కొన్న బట్టలనే జనం అత్త దగ్గరికి తెచ్చారు, పొడుగు తగ్గించమని, ఊడిన కుట్లు వేయమని. తర్వాత అదీ మానేశారు. బాగు చేయించుకోవడం కంటే ఇంకోటి కొనుక్కోవడం చవకైపోయింది. గిన్నెల కొట్టు మూసేశారు. దారాలు, గుండీలు అమ్మే ముసలాయన మూసేశాడు. అత్తని పలకరించడానికి మొహం చెల్లక, పెద్దకొట్టు సంచులు చేతిలో ఉన్నప్పుడు కొందరు వీధికి అవతలి వైపు నుంచి నడిచేవాళ్ళు. చిన్నప్పటి నుంచి చూసిన మొహాలే. నాకు వాళ్ళని చూస్తే ఒళ్ళు మండేది. అమ్మ కూడా ఆ సంచుల్లోనే ఉప్పూ పప్పూ తెచ్చేది, నేను ఆ ఉప్పే తినేదాన్ని.

మామయ్య పోయాక అత్తకి మిగిలింది కూతురు ఒక్కతే. అది పట్నంలో నర్సు చదువు చదువుతోంది. నా బడి మధ్యలో ఆగిపోయినప్పుడు నాకంటే ఎక్కువ ఏడ్చింది అత్తే. “దాన్ని మాత్రం ఆగనివ్వను” అని అప్పుడే పట్టుపట్టింది. తన కుట్టుకొట్టు తలుపులు మూసేశాక, ఆ చదువు ఆగకూడదంటే ఊళ్ళో మిగిలిన పని ఒక్కటే. మిగతా పనులన్నీ మింగి కూర్చున్న పెద్దకొట్టు ఇచ్చే పని.

అక్కడ మా పైన ఒక సూపర్‌వైజరు ఉంటాడు. అత్త ఆయనకి నవ్వుల సారు అని పేరు పెట్టింది. తిట్టేటప్పుడు కూడా ఆ నవ్వు చెదరదు. పొద్దున్నే అందర్నీ గుండ్రంగా నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తాడు. “మనమంతా?” అని ఆయన అరవాలి, “ఒకే కుటుంబం!” అని మేం అరవాలి. మొదటిరోజు అత్త నా చెవిలో, “కుటుంబమంటే ఒక తగువైనా ఉండాలి కదే” అంది. నాకు నవ్వాగలేదు. నవ్వుల సారు అది చూసి, సంతోషంగా ఉన్నానని మెచ్చుకున్నాడు.

పని చెప్పింది కూడా ఆయనే. అత్త ఒక పిల్లల కోటు చేతిలోకి తీసుకుని, “ఒక్క గుండీయే కదా సారూ. దారం ఇవ్వండి, ఇప్పుడే కుట్టేస్తాను” అంది.

“మీరు గుండీ కుట్టే టైములో ముందువైపు పది కొత్త కోట్లు అమ్ముడుపోతాయమ్మా.”

“పోనీ ఎవరికన్నా ఇచ్చేయండి. చలికి వణికే పిల్లలు లేరా?”

“ఊరికే దొరికితే ఎవరు కొంటారు?” అన్నాడు, పసిపిల్లకి చెప్పినంత మెల్లగా. “ఎవరూ వేసుకోవడానికి వీల్లేకుండా కోయాలి. అంతే.”

అత్త ఇంటి నుంచి తన కత్తెర తెచ్చుకుంది. కొట్టువాళ్ళ కత్తెర బొమ్మ కత్తెరలా ఉందని. నున్నగా అరిగిన నల్లపిడుల పాత ఇనప కత్తెర. దాంతో జిప్పులూ ప్లాస్టిక్కు పూసలూ కోస్తుంటే నాకు పళ్ళు పులిసేవి.

నేను మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. కొన్నాళ్ళకి ఒక సంగతి కనిపెట్టాను. అత్త బట్టని అడ్డంగా కోయడం లేదు. కత్తెర బట్ట మీద ఆనగానే దానంతటది పక్కకి జరిగి కుట్టు దొరకబుచ్చుకుని, దాని వెంటే పోతోంది. చేతులు విడిపోతున్నాయి, కాలరు విడిపోతోంది, వీపు ముక్క విడిగా, జేబులు విడిగా. ఒక్క ముక్కకీ గాయం లేదు. కుట్టడానికి ముందు బల్ల మీద ముక్కలు పరిచినట్టే ఉన్నాయి.

“అత్తా, కుట్టు వెంట కోస్తున్నావు” అన్నాను.

అత్త చేతిలోని గౌను వంక చూసుకుంది. నిజంగానే ఆశ్చర్యపోయింది. “అవునే!” అని, ఇంకోటి తీసి వీపు మధ్యలో కత్తెర పెట్టింది. కాసేపు అలాగే పెట్టి ఉంచింది. తర్వాత చూస్తే కత్తెర భుజం కుట్టులో ఉంది.

“చెయ్యి వినడం లేదే” అంది.

చెత్తడబ్బా మూత తీసి ఎవరూ తొంగిచూడరు కదా అని ఇద్దరం ఊరుకున్నాం.

ఒకరోజు తోపుడు బండిలో ఎర్రటి పిల్లల కోటు వచ్చింది. మెడ దగ్గరి చీటీ తిప్పితే నల్లటి అడ్డగీత ఉంది. నేను గీసిందే. చివర కాస్త పైకి వంకర తిరుగుతుంది, నా చేతి అలవాటు. అంటే ఒకసారి చచ్చి చెత్తలోకి పోయిన కోటు మళ్ళీ కౌంటరు దగ్గరికి నడిచొచ్చి, ఎందుకని అడగకుండా, వాపసు అయిపోయింది.

తిరగేసి చూశాను. లోపల కుట్లన్నీ గోధుమరంగు లావుదారం. మైనం పట్టించిన దారం. ఒక్కో కుట్టూ వడ్లగింజంత, బిగించి ముడివేసినట్టు. కోటు కుట్టే దారం కాదది, బూటు కుట్టే దారం. అత్త ఒక్కసారి వేలితో తడిమి నా మొహం చూసింది. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. నేను కోటుని బల్ల కిందకి తోయబోయాను.

“ఏంటమ్మా అది?”

నవ్వుల సారు గుమ్మంలో ఉన్నాడు. కోటు తీసుకున్నాడు, చీటీ చూశాడు, కుట్లు చూశాడు. వెనక లారీలు ఆగే చోట ఉన్న చెత్తడబ్బా దగ్గరికి వెళ్ళి దాన్ని నేల మీద బోర్లించాడు. చేతులు, కాలర్లు, జేబులు, గౌను ముక్కలు, అన్నీ చెక్కుచెదరకుండా జలజలా పడ్డాయి. ఆ కుప్ప పక్కన ఆయన నవ్వుతూ నిలబడ్డాడు. బూటుకాలితో ఒక చిన్న చొక్కాచేతిని అటూ ఇటూ పొర్లించాడు, చచ్చిందో లేదో చూస్తున్నట్టు.

“ఎవరమ్మా పట్టుకుపోతున్నది?”

“నాకేం తెలుసు సారూ.”

“మీరు టైలరు కదా. ఈ కుట్టు చూస్తే తెలియదూ?”

“కుట్టు చూసి మనిషిని చెప్పడానికి నాకు జ్యోతిష్యం రాదు సారూ” అంది అత్త. మాట సూటిగానే ఉంది, చేతులు మాత్రం కొంగులో దాచుకుంది.

“సరే. రేపు పొద్దున అందరి ముందూ ఈ కోటుని మీరే కోస్తారు. సరిగ్గా. కోయలేకపోతే చెప్పండి, పని కావాల్సినవాళ్ళు గేటు దగ్గర బోలెడుమంది. ఇక నుంచి ముక్కలు కూడా ఎవరికీ పనికిరాకుండా డబ్బాలో నీలంనీళ్ళు పోయిస్తాను.” వెళ్తూ వెళ్తూ నా వైపు చూసి, “మన కుటుంబంలో దొంగలుంటే బాధగా ఉంటుంది” అన్నాడు.

ఆ సాయంత్రం అత్త నాతో పాటే మా ఇంటికి వచ్చింది. దీపాలు పెట్టే వేళకి, “నీ పాత బడిగౌను ఉందా?” అని అడిగింది. పెట్టె అడుగు నుంచి తీసిచ్చాను. అది అత్త కుట్టిందే, ఎదుగుతానని అంచు లోపల రెండు మడతలు వదిలి కుట్టింది. ఒక మడత ఎప్పటికీ విప్పలేదు. అత్త దాన్ని నేల మీద పరిచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఛాతీకి అడ్డంగా కత్తెర పెట్టింది. కణతల దగ్గర చెమట పట్టింది. పెట్టింది, తీసింది. మళ్ళీ పెట్టింది.

అమ్మ చూసి, “బట్టే కదా, కోసెయ్యరాదా!” అంది విసుగ్గా.

“నీకు బట్టే వదినా.”

అప్పుడే కూతురి ఫోను వచ్చింది. పరీక్షలు బాగా రాశానని, వార్డులో పని మొదలుపెట్టారని, ఒక ముసలాయనకి తనే సూది వేసిందని. “నొప్పి తెలియకుండా వేశావా?” అని అడిగింది అత్త. అవతల నుంచి అది నవ్వడం నాకు వినిపించింది. ఫోను పెట్టాక అత్త గౌను మడిచి నాకు తిరిగిచ్చేసింది. గీత కూడా పడలేదు దాని మీద.

మర్నాడు పొద్దున అందరం గుండ్రంగా నిలబడ్డాం. మధ్యలో బల్ల, బల్ల మీద ఎర్రకోటు. నవ్వుల సారు, “మనమంతా?” అన్నాడు. “ఒకే కుటుంబం!” అన్నాం. అత్త ముందుకు వెళ్ళింది.

కోటుని బోర్లా పరిచింది. చేతులు రెండూ చాపి సర్దింది. చొక్కా కత్తిరించే ముందు బట్టని ఎప్పుడూ అరచేత్తో నిమిరేది, ఇప్పుడూ నిమిరింది. తర్వాత కత్తెరని మెడ కింద, సరిగ్గా వీపు మధ్యలో పెట్టింది. కళ్ళు కోటు మీద లేవు, గోడ మీద ఎక్కడో ఉన్నాయి. కత్తెర మొద్దుబారి ఉంది. బట్ట తెగలేదు, నలిగింది. నమిలినట్టు నలిగి, పోగులు సాగి, అప్పుడు తెగింది. మెడ నుంచి అంచు దాకా అలాగే నములుతూ పోయింది. బాబాయి లావుదారం అడ్డొచ్చిన చోట అత్త రెండు చేతులతో పిడులు నొక్కింది. టప్పుమంది.

“చప్పట్లు!” అన్నాడు నవ్వుల సారు.

కొట్టారు. నా చేతులు కూడా కొట్టాయి.

పని దిగాక అత్త ఇంటి దారి పట్టలేదు. పాత వీధిలోకి తిరిగింది. తలుపులన్నీ మూసి ఉన్నాయి. గిన్నెల కొట్టు అరుగు మీద కుక్క పడుకుని ఉంది. మెట్ల కింద చెప్పుల బాబాయి మాత్రం తన పెట్టె ముందు కూర్చునే ఉన్నాడు, కుట్టడానికి ఏమీ లేకపోయినా.

“రా చెల్లెమ్మా, రా!” అన్నాడు. అత్త కత్తెర ఇస్తే అంచు మీద బొటనవేలు ఆనించి మొహం చిట్లించాడు. “ఏం కోశావే దీంతో, కొండలా?”

“కోట్లు.”

బాబాయి కిసుక్కున నవ్వి గొంతు తగ్గించాడు. “ఆ కోత చూడగానే అనుకున్నా, ఇది మా చెల్లి చెయ్యేనని. వెనక డబ్బాలో ముక్కలన్నీ అంత శుభ్రంగా! నాకోసమే కుట్టు వెంట కోసి పడేస్తున్నావని అర్థమైంది. ఆ ఎర్రకోటు కుట్టింది నేనే, తెలిసిందా?”

“తెలిసింది.”

“మనవడికని కుట్టా. వాడికి చాలలేదు. పట్టుకెళ్ళి కౌంటరులో పెట్టా. ఎందుకని అడగలేదమ్మా, వెర్రిబాగుల వాళ్ళు! బదులు ఏదన్నా తీసుకోమని చీటీ ఇచ్చారు.” అని కాళ్ళు ముందుకి చాపాడు.

రెండు పాదాలకీ పెద్దకొట్టు రబ్బరు చెప్పులు. పచ్చరంగువి. కొత్తవి. ఆ వాసన గుప్పుమంది, మా గది వాసన.

అత్త వాటి వంక చూసింది. “చెప్పులు కుట్టేవాడివి అన్నయ్యా” అంది.

“తోలు ఎక్కడుంది కుట్టడానికి? ఇవి తెగాయనుకో, కుట్టు కూడా పట్టవు. పారేసి ఇంకోటి తెచ్చుకోవడమే.” నవ్వబోయాడు. అత్త నవ్వలేదు. ఆయన కాళ్ళు మళ్ళీ వెనక్కి లాక్కుని, సానరాయి మీద నీళ్ళు చల్లాడు.

పొద్దున జరిగిన సంగతి అత్త చెబుతుందని చూశాను. చెప్పలేదు. “రేపటి నుంచి ఆ డబ్బా దగ్గరికి రాకు. నీలంనీళ్ళు పోస్తారట” అని మాత్రం అంది. ఆయన అయ్యో అన్నాడు. చాలా శ్రద్ధగా సానపట్టాడు, రెండు అలుగులూ, మొన దాకా. పైన చుక్క నూనె వేసి గుడ్డతో తుడిచి, తన నెరిసిన వెంట్రుక ఒకటి పీకి కత్తెర మధ్యలో వదిలాడు. అది రెండుగా రాలింది.

“ఇక చూడు, గాలిని కూడా కోస్తుంది. కుట్టు మీద నుంచి జారిపోదు.” కూలి మాట రాలేదు, ఎప్పటిలాగే.

మర్నాడు నేను మొదట నెట్టింది ఒక తెల్లచొక్కా, చేతి గుండీ లేదు. అత్త దాన్ని పరవలేదు, నిమరలేదు. గాలిలోనే ఎత్తిపట్టి మెడ నుంచి అంచుదాకా ఒక్క గీతలో కోసింది. తర్వాత అడ్డంగా. తర్వాత ఇంకోటి. కత్తెర చప్పుడే లేకుండా పోతోంది. భుజం కుట్టు వచ్చినా, చంక కుట్టు వచ్చినా, అక్కడేమీ లేనట్టు దాటిపోతోంది. బాబాయి పని అంత బాగుంది.

నవ్వుల సారు గుమ్మంలోంచి చూసి, “సూపరమ్మా!” అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నానికి డబ్బా నిండింది. నీలంనీళ్ళ క్యాను ఎత్తి పోయడం నా పని. పోస్తుంటే ముక్కలు మెల్లగా నీళ్ళు పీల్చుకుని ముడుచుకున్నాయి. నా వేళ్ళు కూడా నీలంగా అయ్యాయి, సబ్బుకి పోలేదు.

అత్త తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకుంటోంది. ఏమైనా అవుతోందా అని అడిగాను.

“ఏం లేదు” అంది. “వింటోంది.”